కదలని సైకిలు – ఆగడం నేర్పిన కసరత్తు



ప్రత్యేక సంచిక కొరకు ఏదైనా చరిత్ర వ్యాసం రాసి ఇవ్వమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు బాసర క్షేత్రం గూర్చో, నిర్మల్ కోటల గూర్చో రాద్దామనుకున్నాను. కాని వాటి గూర్చి నాకంటే బాగా రాయగల పెద్దలు మన సంఘంలోనే ఉన్నారు. అందుచేత భైంసాలో మా ఇంటి వసారాలో నిలబడి ఉన్న ఒక వస్తువు చరిత్రను ఎంచుకున్నాను. అది కదలని సైకిలు. పెడలు తిరుగుతుంది, మనిషి చెమటోడుస్తాడు, గడప మాత్రం దాటడు. దాని ముందు ఒక ఫోను పెట్టుకుని, అందులో వచ్చే వీడియో చెప్పినట్టు కొంతసేపు గట్టిగా, కొంతసేపు మెల్లగా తొక్కడం ఇప్పుడు చాలా ఇళ్లలో చూస్తున్నాం. పిల్లలు కొనిపెట్టి పోయిన ఈ సైకిళ్లు మన వాళ్ల ఇళ్లలో కొన్ని నడుస్తున్నవి, కొన్ని తువ్వాళ్లు ఆరేసుకోవడానికి పనికొస్తున్నవి.

ఈ వస్తువు ఎక్కడ పుట్టింది, ఈ పద్ధతి ఎవరు కనిపెట్టారు, మన వయసు వారికి ఇది ఎంతవరకు పనికొస్తుంది అని తెలుసుకోవాల్సిన అవసరం నాకు ఒక ఉదయం కళ్లు తిరిగి కుర్చీలో కూలబడ్డాక కలిగింది. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు చరిత్ర.

మన సైకిలు రోజులు

నేను 1977లో రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరాను. అప్పటికి మండలాలు లేవు. అవి 1985లో వచ్చాయి. ముధోల్ తాలూకా పని మీద ఊళ్లు తిరగాలంటే బస్సు ఉన్నచోట బస్సు, లేనిచోట సైకిలు. ఉద్యోగంలో చేరగానే మనలో ఎందరమో ‘సైకిల్ అడ్వాన్సు’ తీసుకుని, నెలనెలా జీతంలో కోత పెట్టించుకుని తీర్చిన వాళ్లమే. లూధియానా హీరో, సోనీపత్ అట్లాస్, మద్రాసు దగ్గర అంబత్తూరులో తయారైన హెర్క్యులిస్ పేర్లు చెబితే ఇప్పటికీ మనలో చాలామందికి ఆ గంట మోత వినబడుతుంది. సొంత సైకిలు లేనివారు గంటకింత అని కిరాయికి తెచ్చుకునేవారు.

రాత్రిపూట దీపం కొరకు డైనమోను టైరుకు ఆనించగానే పెడలు బరువెక్కేది, గుర్తుందా? దీపం వెలుగు ఊరికే రాదు, మన కాళ్ల బలంలోంచే వస్తుంది. ఈ చిన్న సంగతి పాఠకులు మనసులో పెట్టుకోవాలి. కదలని సైకిలు రహస్యమంతా ఇందులోనే ఉన్నది.

ఆ రోజుల్లో వ్యాయామం అనే మాట గుమాస్తాలకు సంబంధించింది కాదు. అది తాలీంఖానాలో పహిల్వాన్ల మాట. మనకు జీవితమే వ్యాయామం. ఎదురుగాలికి తొక్కేవాళ్లం, ఎత్తు రాగానే దిగి నడిపించేవాళ్లం, చెట్టు కనబడితే ఆగేవాళ్లం, మళ్లీ ఎక్కేవాళ్లం. తర్వాత మోపెడ్లు, స్కూటర్లు వచ్చాయి. సైకిలు గోడకు చేరింది, మన పొట్ట ముందుకు వచ్చింది.

కదలని సైకిలు ఎట్లా పుట్టింది

విచిత్రమేమంటే, ఇంట్లో నిలబడి కాళ్లు చేతులు ఆడించే యంత్రం వీధిలో పరుగెత్తే సైకిలు కంటే ముందే పుట్టింది. 1796లో లండనులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన ‘జిమ్నాస్టికాన్’ అనే కొయ్య యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కాళ్లతో తొక్కే పలకలు, చేతులతో తిప్పే పిడులు, పట్టిన కీళ్లకు కదలిక ఇవ్వడం దాని ఉద్దేశం. జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ రెండు చక్రాల కొయ్యబండి మీద కాళ్లతో నేలను తన్నుకుంటూ పోయింది 1817లో. పెడలు 1860ల్లో పారిస్‌లో వచ్చింది. మనమెరిగిన ఆకారంలో, గొలుసుతో వెనుక చక్రం తిరిగే సైకిలును జాన్ కెంప్ స్టార్లీ 1885లో తెచ్చాడు. 1912లో మునిగిపోయిన టైటానిక్ ఓడలోని వ్యాయామశాలలో కూడా ధనవంతుల వినోదానికి కదలని సైకిళ్లు ఉండేవి.

కాని ఈ సైకిలును వినోదం నుండి విజ్ఞానంలోకి తెచ్చినవాడు డెన్మార్కు దేశపు ఆగస్ట్ క్రోగ్. కండరం పనిచేసేటప్పుడు శ్వాస, రక్తప్రసరణ ఎట్లా మారుతవో కొలవాలని ఆయన కోరిక. పరుగెత్తే మనిషి వెంట కొలత పరికరాలు మోసుకుని పరుగెత్తలేము కదా! అందుకని 1913లో ఆయన ఒక సైకిలును నిలబెట్టి, దాని చక్రాన్ని విద్యుదయస్కాంతంతో అడ్డుకునేటట్టు చేశాడు. అడ్డు ఎంతో తెలుసు, చక్రం ఎంత వేగంతో తిరిగిందో తెలుసు. కనుక మనిషి ఎంత పని చేశాడో లెక్క తేలుతుంది. మన డైనమో సంగతే ఇది, కాకపోతే దీపం బదులు లెక్క. రక్తనాళాల మీద చేసిన వేరే పరిశోధనకు క్రోగ్‌కు 1920లో నోబెల్ బహుమానం వచ్చింది.

స్వీడన్‌లో 1954లో వాన్ డోబెల్న్ ఈ సైకిలుకు తోలుపట్టా లాంటి బెల్టు బిగించి, కరెంటు అక్కర లేకుండా చేశాడు. మోనార్క్ అనే సైకిళ్ల కంపెనీ దాన్ని తయారుచేసి దేశదేశాలకు పంపింది. ఆ దేశానికే చెందిన పెర్ ఓలాఫ్ ఆస్ట్రాండ్ వంటి శాస్త్రవేత్తలు దాని మీద వేలకొద్దీ కొలతలు తీశారు.

ఈ కొలిచే సైకిలు మన దగ్గరకూ వచ్చింది. 1918లో కూనూరులో మొదలై తర్వాత హైదరాబాదుకు మారిన జాతీయ పోషకాహార సంస్థ గూర్చి అందరికీ తెలుసు. అక్కడి శాస్త్రవేత్త కె. సత్యనారాయణ, ఆయన సహచరులు హైదరాబాదు పరిసర గ్రామాల్లో చిన్ననాటి నుండి గమనిస్తూ వచ్చిన బాలురను సైకిలు తొక్కించి, గుండె నిమిషానికి 170 సార్లు కొట్టుకునే స్థితిలో ఎవరు ఎంత పని చేయగలరో చూశారు. 1979లో ప్రచురితమైన ఆ పరిశోధన చెప్పింది మనందరికీ అర్థమయ్యే సత్యమే: పసితనంలో తిండి చాలక గిడసబారిన పిల్లవాడు పెద్దయ్యాక కూడా శ్రమలో వెనుకబడతాడు. అంటే తెలుగునాట కదలని సైకిలు ఒళ్లు తగ్గించుకోవడానికి రాలేదు. ఒళ్లే లేని పిల్లల బాధను కొలవడానికి వచ్చింది. నలభై యేళ్ల తర్వాత అదే వస్తువు మన ఇళ్లలో ఎక్కువైన తిండిని కరిగించడానికి నిలబడ్డది.

బస్సు కండక్టరు చెప్పిన పాఠం

ఇంతకీ వ్యాయామానికీ గుండెకూ సంబంధం ఉన్నదని ఎవరు రుజువు చేశారు? మన ఆర్టీసీ మిత్రులు ఈ భాగం శ్రద్ధగా చదవాలి. 1953లో లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన బృందం, బస్సుల్లో పనిచేసే వేలాది మంది ఉద్యోగుల రికార్డులు పరిశీలించారు. అక్కడివి డబుల్ డెక్కర్ బస్సులు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు టిక్కెట్లు కొడుతూ రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఒకే డిపో, ఇంచుమించు ఒకే జీవనం. అయినా గుండెజబ్బు కండక్టర్లలో డ్రైవర్ల కంటే తక్కువగా, వచ్చినా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది.

గమనించవలసినది ఇంకొకటి ఉన్నది. కండక్టరు ఆగకుండా పరుగెత్తలేదు. మెట్లెక్కాడు, నిలబడి టిక్కెట్టు ఇచ్చాడు, మళ్లీ ఎక్కాడు. పని, విరామం, మళ్లీ పని. ఈ వరుసకే తర్వాతి కాలంలో పెద్ద పేరు వచ్చింది.

‘ఇంటర్వల్’ అంటే ఏమిటి

సినిమా హాలులో ఇంటర్వల్ అంటే మనకందరికీ తెలుసు. బొమ్మ ఆగుతుంది, చాయ్ తాగుతాము. ఇంటర్వల్ ట్రైనింగ్ అన్న మాటలోని ఇంటర్వల్ కూడా సరిగ్గా అదే. అంటే గట్టిగా తొక్కే భాగానికి కాదు, మధ్యలో ఆగే భాగానికి పెట్టిన పేరు అది. ఈ సంగతి నాకు 70 యేళ్ల వయసులో తెలిసింది.

1930ల్లో జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో వోల్డెమార్ గెర్ష్‌లర్ అనే పరుగుల శిక్షకుడు, హెర్బర్ట్ రైన్‌డెల్ అనే గుండె వైద్యుడు జత కలిశారు. వారి పద్ధతి ఇది. కొద్ది దూరం గట్టిగా పరుగెత్తించి నాడిని నిమిషానికి 180 దాకా తేవాలి. తర్వాత నడవమనాలి. నాడి 120 చిల్లరకు దిగాక మళ్లీ పరుగు. అట్లా దిగడానికి తొంభై సెకన్లకు మించి పట్టిందా, పరుగు ఆ మనిషికి ఎక్కువైందని అర్థం. వేగమో దూరమో తగ్గించాలి. గుండె బలపడేది ఆ విరామ సమయంలోనేనని వారి నమ్మకం. ఈ నమ్మకం పూర్తిగా నిజం కాదని, శ్రమ, విరామం రెండూ కలిసి పనిచేస్తాయని తర్వాతి శాస్త్రజ్ఞులు అన్నారు. కాని పద్ధతి మాత్రం నిలిచింది. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తి నెలకొల్పిన ప్రపంచ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. చెకోస్లవేకియా వీరుడు ఎమిల్ జాటోపెక్ 400 మీటర్లను మళ్లీ మళ్లీ, మధ్యలో మెల్లగా కదులుతూ, రోజుకు పదుల సార్లు పరుగెత్తి సాధన చేశాడు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో 5000 మీటర్లు, 10000 మీటర్లు, మారథాన్ మూడింటిలోనూ స్వర్ణం గెలిచాడు.

ఈ పద్ధతిని కదలని సైకిలు మీదికి తెచ్చి కొలిచింది స్వీడన్ వారే. 1960లో ప్రచురితమైన ఆస్ట్రాండ్ బృందం ప్రయోగంలో ఒక బలమైన మనిషి భారీ అడ్డు పెట్టిన సైకిలును ఆగకుండా తొక్కితే 9 నిమిషాలకే చేతులెత్తేశాడు. అదే బరువును అర నిమిషం తొక్కి, అర నిమిషం ఆగి, మళ్లీ తొక్కుతూ పోతే గంటసేపు పెద్ద అలసట లేకుండా సాగించాడు. మూడు నిమిషాలు తొక్కి మూడు నిమిషాలు ఆగితే మాత్రం గంట ముగిసేసరికి సొమ్మసిల్లే స్థితికి వచ్చాడు. మొత్తం పని ఒకటే, మొత్తం విశ్రాంతి ఒకటే, ముక్కలు చేసిన తీరులోనే తేడా. మన పత్తి మార్కెట్‌లో బస్తాలు మోసే హమాలీని ఒక పూట గమనించండి. ఏ పుస్తకం చదవకుండానే ఆయన ఈ లెక్క ఎరుగును. బస్తా దింపుతాడు, తువ్వాలతో మొహం తుడుచుకుంటాడు, రెండు మాటలు మాట్లాడి, తర్వాత ఇంకొక బస్తా ఎత్తుతాడు.

జపానులో ఇజుమి తబాటా 1996లో ప్రచురించిన పరిశోధన మూడవ మెట్టు. మంచు మీద జారే పోటీల జట్టు శిక్షకుడు ఇరిసావా వాడుతున్న పద్ధతిని ఆయన ప్రయోగశాలలో సైకిలు మీద పరీక్షించాడు. 20 సెకన్లు శక్తికి మించిన వేగం, 10 సెకన్లు విరామం, ఏడెనిమిది సార్లు. ఆరు వారాల్లో వారి దమ్ము, వేగశక్తి రెండూ పెరిగాయి. ఈ రోజు ‘తబాటా’ పేరుతో ఫోనులో లెక్కలేనన్ని వీడియోలు ఉన్నవి. అయితే ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు వ్యాయామవిద్య చదివే యువకులు. మన మనుమల ఈడు వాళ్లు.

తెరమీది గురువు

ఇంతదాకా శిక్షకుడు పక్కన నిలబడి నాడి పట్టి చూసేవాడు. అతడు తెర మీదికి ఎట్లా వెళ్లాడో చూద్దాం.

జపాన్ కంపెనీ జేవీసీ 1976లో వీహెచ్‌ఎస్ వీడియో క్యాసెట్టును తెచ్చింది. మన ఊళ్లలో ఆ క్యాసెట్లు సినిమాల కొరకు కిరాయికి తిరిగాయి. అమెరికాలో సినీనటి జేన్ ఫోండా 1982లో వ్యాయామ క్యాసెట్టు విడుదల చేస్తే అది లక్షల్లో అమ్ముడైంది. ఇంటి గదిలో టీవీ ముందు కసరత్తు చేయవచ్చని ప్రపంచానికి తెలిసింది అప్పుడే. మనకు దూరదర్శన్‌లో ధీరేంద్ర బ్రహ్మచారి యోగాసనాలు చూపించిన సంగతి పెద్దలకు జ్ఞాపకం ఉండవచ్చు.

కదలని సైకిళ్లను గుంపుగా పెట్టి, పాటకు తగ్గట్టు ఎత్తులు, పల్లాలు ఊహించుకుంటూ తొక్కించడం దక్షిణాఫ్రికా నుండి కాలిఫోర్నియా వెళ్లిన జానీ గోల్డ్‌బర్గ్ అనే సైకిలు వీరుడు ప్రారంభించాడు. 1995లో ష్విన్ కంపెనీ ఆ సైకిలును మార్కెట్లోకి తెచ్చింది. యూట్యూబ్ 2005లో వచ్చింది. 2009లో ‘సఫర్‌ఫెస్ట్’ పేరుతో సైకిలు పందేల దృశ్యాలు చూపిస్తూ ఇంటర్వల్ సాధన చేయించే వీడియోలు అమ్మకానికి వచ్చాయి. ఆ మాటకు ‘బాధల జాతర’ అని అర్థం చెప్పుకోవచ్చు. పేరులోనే హెచ్చరిక ఉన్నది. 2013 నుండి గ్లోబల్ సైక్లింగ్ నెట్‌వర్క్ వారు ఇటువంటివి ఉచితంగా చూపించసాగారు.

ఇవి భైంసా దాకా రావడానికి రెండు కారణాలు. 2016లో జియో వచ్చాక వీడియో చూడడం చవకైంది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక ఇల్లు కదలడం బందైంది. దానికి తోడు మన దిక్కు వాతావరణం ఉండనే ఉన్నది. ఎండాకాలం 44, 45 డిగ్రీల వేడి, చలికాలం ఎముకలు కొరికే తెల్లవారుజాము, ముసురు పడితే రోడ్డంతా బురద. నిర్మల్ రోడ్డు మీద లారీల మధ్య డెబ్బయి యేళ్ల వాడు సైకిలు తొక్కితే ఇంట్లో వాళ్లకు నిద్ర పట్టదు. వసారాలో సైకిలుకు ఈ భయాలు లేవు.

నాకు జరిగినది

మా అబ్బాయి సైకిలు కొనిపెట్టి పోయాడు. ఎండాకాలం సెలవుల్లో వచ్చిన మనుమడు ఫోనును దాని ముందు బిగించి, ఇరవై నిమిషాల ఇంటర్వల్ వీడియో ఒకటి పెట్టాడు. తెర మీద ఒక యువకుడు నవ్వుతూ తొక్కుతున్నాడు. మూలన అంకెలు తిరుగుతున్నవి. విరామం రాగానే మనుమడు చెప్పాడు:

“తాతా, ఇప్పుడు జర మెల్లగ తొక్కాలె. రెస్ట్ అని వచ్చింది చూడు.”

“నాకెందుకురా రెస్ట్? రిటైరై పదేండ్లు దాటింది,” అన్నాను.

హాస్యానికి అన్న మాటే గాని అందులో నా స్వభావమంతా ఉన్నది. ముప్పయి ఆరేళ్ల నౌకరీలో ఆగడం అంటే తప్పు అని నేర్చుకున్నవాణ్ణి. పైగా చేతికి పెట్టుకున్న గడియారం నాడి 104 అని చూపిస్తుంటే, వీడియోలో యువకుడు 140 దాటాలంటున్నాడు. నేను సోమరిగా తొక్కుతున్నానని అనుకుని విరామాల్లోనూ గట్టిగానే తొక్కాను. చివర ఐదు నిమిషాలు మెల్లగా తొక్కమన్న భాగం వదిలేసి చటుక్కున దిగాను. రెండడుగులు వేశానో లేదో కళ్ల ముందు చీకట్లు. మా ఆవిడ కుర్చీ తోయకపోతే గడప మీద పడేవాణ్ణి. “మీకేమన్నా అయితే నేనెవరికి చెప్పుకోవాలండీ?” అని ఆమె అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే ఆ సైకిలును పాత సామాన్ల బండికి వేద్దామని నిర్ణయమైంది.

మర్నాడు డాక్టరు గారు ఈసీజీ తీసి, బీపీ చూసి, మొదట అడిగిన ప్రశ్న: “ఏం గోలీ వేసుకుంటున్నరు?” చూపించాను. అది గుండె వేగాన్ని అదుపులో ఉంచే రకం. అటెనలాల్, మెటోప్రొలాల్ వంటి మందులు వేసుకునేవారికి ఎంత కష్టపడ్డా నాడి మామూలు వాళ్లంత పైకి పోదు. నేను 104 దగ్గరే నా శక్తి మేరకు తొక్కుతున్నాను. 140 కొరకు వెంటపడడం లేని మెట్టు ఎక్కబోవడమే. కళ్లు తిరగడానికి కారణమూ చెప్పారు. గట్టిగా తొక్కేటప్పుడు కాళ్ల రక్తనాళాలు విప్పారి ఉంటాయి. కాళ్లు కదులుతున్నంతసేపు పిక్కలు పంపులాగా రక్తాన్ని పైకి తోస్తాయి. చటుక్కున ఆగితే రక్తం కాళ్లలోనే నిలిచి మెదడుకు తగ్గుతుంది. బీపీ మందు దానికి తోడవుతుంది.

“సైకిలు మంచిదే. మీరు దాన్ని సగమే చేసిండ్రు. ఆగే సగం వదిలిపెట్టిండ్రు,” అన్నారాయన.

ఈ వ్యాసానికి మూలం ఆ మాట.

వృద్ధుల మీద పరిశోధనలు ఏమన్నవి

ఇంటికి వచ్చాక మనుమడి సాయంతో చదివిన సంగతులు క్లుప్తంగా మనవి చేస్తాను. నార్వేలోని ట్రాండ్‌హైమ్ శాస్త్రవేత్తలు 2007లో ఒక ఆశ్చర్యకరమైన ఫలితం ప్రకటించారు. గుండె బలహీనపడిన 27 మంది రోగులు, సగటు వయసు 75 దాటినవారు. వారిలో కొందరిచేత వైద్యుల సమక్షంలో, నడిచే యంత్రం మీద, నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు మెల్లగా, నాలుగు విడతలు నడిపించారు. దేహం ప్రాణవాయువును వాడుకునే శక్తి వారిలో 46 శాతం పెరిగింది. ఒకే వేగంతో నడిచినవారిలో 14 శాతం. ప్రపంచమంతా ఇంటర్వల్ జపం మొదలుపెట్టింది.

కాని 2017లో అనేక ఆసుపత్రులు కలిసి 261 మంది మీద జరిపిన పెద్ద పరీక్షలో ఆ ఆధిక్యం కనబడలేదు. 2020లో వెలువడిన ఇంకొక నార్వే అధ్యయనంలో 70 నుండి 77 యేళ్ల వారు 1567 మందిని ఐదేళ్లు గమనించారు. ఇంటర్వల్ వ్యాయామం, మామూలు వ్యాయామం చేయించిన వారికీ, సాధారణ సలహా మాత్రమే ఇచ్చిన వారికీ మరణాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. సలహా పొందినవారు కూడా బాగానే కదిలారు మరి. ఇంటర్వల్ వారికి కొంత మొగ్గు కనబడినా దాన్ని రుజువుగా చెప్పలేమన్నారు.

అందుచేత నాకు అర్థమైనది ఏమంటే, ఇందులో మంత్రం లేదు. నడక సరిపడేవారికి నడకే చాలు. ఇంటర్వల్ పద్ధతి వల్ల తక్కువ సమయంలో దమ్ము పెరగవచ్చు, విసుగు తగ్గుతుంది. అయితే గెర్ష్‌లర్ పద్ధతిలో కొలబద్ద ఆ మనిషి నాడి. వీడియోలో కొలబద్ద అందరికీ ఒకటే గడియారం. తెరమీది గురువు మన నాడి పట్టి చూడలేడు. ఆ పని మనమే చేసుకోవాలి.

‘220లో నుండి వయసు తీసివేస్తే గరిష్ఠ నాడి’ అనే లెక్క 1971 నాటిది. అప్పటికి లభ్యమైన కొద్దిపాటి అధ్యయనాల మీద గీసిన సుమారు గీత అది. 70 యేళ్ల వారికి 150 వస్తుంది. 2001లో వచ్చిన ఇంకొక లెక్క ప్రకారం 159. పుస్తకాల్లోనే ఇంత తేడా ఉంటే గోలీలు వేసుకునే మన సంగతి చెప్పేదేమున్నది? దీనికి మంచి ఉపాయం 1960ల్లోనే స్వీడన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు గున్నార్ బోర్గ్ చెప్పాడు. ఎంత కష్టంగా ఉన్నదో తొక్కే మనిషినే అడగమన్నాడు. ఆయన కొలతలో 6 అంటే ఏ కష్టమూ లేదు, 20 అంటే ఇక నా వల్ల కాదు. దాన్నీ ఆయన ఈ సైకిలు మీదనే తయారు చేశాడు. ఇంట్లో ఇంకా సులువు. మాట్లాడగలిగితే మెల్లగా తొక్కుతున్నట్టు. రెండు మూడు మాటలకే ఊపిరి తెగితే గట్టిగా తొక్కుతున్నట్టు. మాటే రాకపోతే హద్దు దాటినట్టు.

మిత్రులకు మనవి

మొదలుపెట్టే ముందు వైద్యుణ్ణి కలిసి, వేసుకునే మందులన్నీ చూపించండి. గుండెకు స్టెంటు, బైపాసు అయినవారు వారి డాక్టరు చెప్పకుండా ఈ పద్ధతి జోలికి పోవద్దు. పెడలు కింది వరకు పోయినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండేటట్టు సీటు పెట్టించుకోండి. సీటు కిందికి ఉంటే మోకాళ్లు నొస్తవి. మొదటి ఎనిమిది, పది నిమిషాలు ఊరికే తొక్కండి. డాక్టరు సరేనంటే ఒక నిమిషం కొంచెం గట్టిగా, రెండు నిమిషాలు మెల్లగా, మొదట్లో మూడు నాలుగు విడతలు చాలు. ఊపిరి కుదుటపడకపోతే వీడియో ఏమన్నా సరే, విరామం పొడిగించండి. చివర ఐదు నిమిషాలు మెల్లగా తొక్కనిదే దిగవద్దు. షుగరు మందు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కవద్దు. దగ్గర ఒక చక్కెర పొట్లం ఉంచుకోండి. ఛాతీలో పట్టినట్టున్నా, నొప్పి దవడకో చేతికో పాకినా వెంటనే ఆపి ఆసుపత్రికి పోవాలి.

ఇంకొక మాట. ఈ సైకిలు మనల్ని పడనివ్వదు కనుక తూలకుండా నిలబడే శక్తిని పెంచదు. 65 దాటినవారు వారానికి 150 నుండి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమతో పాటు, కనీసం మూడు రోజులు నిలకడ కొరకు, రెండు రోజులు కండబలం కొరకు కూడా కసరత్తులు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కనుక గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం కూడా దినచర్యలో చేర్చుకోండి.

మా ఇంటి సైకిలు పాత సామాన్ల బండికి పోలేదు. అదే వీడియో ఇప్పటికీ నడుస్తున్నది. గట్టిగా తొక్కమన్నప్పుడు నా శక్తి మేరకు తొక్కుతున్నాను. విరామం రాగానే మెల్లగా తొక్కుతూ వాకిట్లో మందారాలు చూస్తాను. పక్కన కుర్చీలో కూర్చున్న మా ఆవిడ ఏదో ఒకటి అడుగుతుంది. జవాబు చెప్పగలిగితే సరే. చెప్పలేకపోతే, “ఇంక జర ఆగండి,” అంటుంది. మా ఇంట్లో గెర్ష్‌లర్, రైన్‌డెల్ ఇద్దరూ ఆమే. తర్వాతి పది నిమిషాలు ఆమె తొక్కుతుంది, నేను అడుగుతాను.

ఆగడం ఓటమి అనుకుని ఉద్యోగమంతా పరుగెత్తిన మనకు, ఆగడం సాధనలో సగమని ఈ కదలని సైకిలు చెబుతున్నది. సభ్యులందరూ లైఫ్ సర్టిఫికెటు సమర్పించడానికి ప్రతి యేడూ తమ కాళ్ల మీద తామే నడిచి రావాలని కోరుకుంటూ సెలవు.